నెలకు అరగంట

డాక్టరు చదువు పట్టా పుచ్చుకోవడంతో ముగియదని అందరూ అనే మాటే. పట్టా తర్వాత ఎంత చదవాలో లెక్కగట్టి చెప్పింది మాత్రం భారత వైద్య మండలి 2002లో తెచ్చిన నియమావళి. ప్రతి డాక్టరూ ఐదేళ్ళకు కనీసం 30 గంటలు తన వృత్తిలోని కొత్త సంగతులు తెలుసుకోవడానికి కేటాయించాలని అందులో ఉంది. 2020లో ఆ మండలి పోయి జాతీయ వైద్య కమిషన్ వచ్చింది. అది 2023 ఆగస్టులో కొత్త నియమాలు ప్రకటించి, నెల తిరక్కుండానే వాటిని పక్కన పెట్టింది. మళ్ళీ పాతవే నిలిచాయి. ఐదేళ్ళకు 30 గంటలంటే ఏడాదికి 6 గంటలు. నెలకు అరగంట.

ఆ అరగంట కోసం ఇప్పుడు ఏ ఊరికీ పోనక్కరలేదు. జేబులోని ఫోనులోనే పాఠం ఉంది, పరీక్ష ఉంది, సర్టిఫికెట్టు ఉంది. అయినా మా హోసూరు, దెంకణికోట, బాగలూరు ప్రాంతాల్లో చిన్న క్లినిక్కులు నడుపుకునేవాళ్ళు, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో పనిచేసేవాళ్ళు చాలామంది ఆ చదువు జోలికి పోరు. పోయినవాళ్ళు నాలుగో పాఠం దగ్గర ఆగిపోతారు. పట్నాల్లో కూర్చుని ఈ పాఠాలు తయారుచేసే పెద్దలు దీనికి రెండు కారణాలు చెబుతుంటారు. ఒకటి బద్ధకం, రెండోది పాతకాలపు డాక్టర్లకు కంప్యూటరంటే భయం. ఇదే గడ్డమీద ముప్పై ఏళ్ళకు పైగా ప్రాక్టీసు చేస్తున్నవాణ్ణి. ఆ రెండు మాటలూ నిజం కావు.

భయం సంగతి ముందు తేల్చేస్తాను. నా ఈడు డాక్టర్లు ఫీజు ఫోనులోనే తీసుకుంటున్నారు. మనవడితో ఫోనులోనే మాట్లాడుతున్నారు. షేర్లు కొని నష్టపోతున్నదీ ఫోనులోనే. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు నెలరోజుల్లో అందరమూ వీడియోలో రోగులను చూడడం నేర్చుకున్నాం. అవసరం ఉంటే యంత్రం ఎవరినీ ఆపదు.

ఇక తీరిక. నెలకు అరగంట లేదా అని అడిగితే ఉందనే చెప్పాలి. ఏ అరగంట అన్నదే చిక్కు. ఆన్‌లైన్ సభలు చాలావరకు రాత్రి 7 నుంచి 9 మధ్య పెడతారు. పాఠం చెప్పే పెద్ద డాక్టరుకు అప్పుడు ఆపరేషన్లు ముగిసి ఉంటాయి కనుక ఆ వేళ ఆయనకు అనువు. మాకు సరిగ్గా అప్పుడే జనం వస్తారు. ఫ్యాక్టరీలో షిఫ్టు దిగినవాళ్ళు, పొద్దున పూలూ కూరగాయలూ మార్కెట్టుకు వేసి ఇల్లు చేరి మళ్ళీ బయలుదేరిన రైతులు, పిల్లవాడికి జ్వరమని సాయంత్రం దాకా చూసి ఇక ఆగలేక తెచ్చిన తల్లులు. ఆ రెండు గంటలు తలుపు మూస్తే వాళ్ళు మందుల షాపులో రెండు మాత్రలు అడిగి కొనుక్కుని పోతారు. ఇంటి అద్దె, కాంపౌండరు జీతం కూడా ఆ రెండు గంటల మీదే నడుస్తాయి. 2017లో ఒక బ్రిటిషు వైద్య పత్రిక 67 దేశాల లెక్కలు వేసి, డాక్టరు ఒక్కో రోగికి ఎంతసేపు ఇస్తున్నాడో ప్రచురించింది. స్వీడన్‌లో 22 నిమిషాలకు పైన. మన దేశంలో సుమారు 2 నిమిషాలు. రెండు నిమిషాలకు ఒకరిని చూసేవాడి దగ్గర గంట పాఠం అడిగితే, ముప్పైమంది రోగులను అడిగినట్టు.

ప్రభుత్వ కేంద్రాల్లో ఉన్నవాళ్ళకు జీతం వస్తుంది గదా, వాళ్ళకేమని అనుకోకండి. నియమం ప్రకారం మైదానంలో 30,000 మందికి, కొండ ప్రాంతంలో 20,000 మందికి ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలి. మా తమ్ముడి కూతురు అటువంటి ఒక కొండ కేంద్రంలో డాక్టరు. పొద్దున ఓ.పి., మధ్యాహ్నం టీకాలో గర్భిణుల పరీక్షలో, ఆ తర్వాత కంప్యూటరులో నింపాల్సిన లెక్కలు. సాయంత్రం ఇంటికి చేరితే చంటిపిల్ల. సెల్ సిగ్నల్ ఆ కేంద్రంలో ఒక్కచోటే అందుతుంది, నీళ్ళ ట్యాంకు మెట్లమీద. ఆమె ఆన్‌లైన్ పాఠాలు విన్నది చాలావరకు ఆ మెట్లమీద నిలబడే. "పెదనాన్నా, పాఠం మధ్యలో బొమ్మ ఆగిపోతే ఒక మెట్టు పైకెక్కుతాను" అని నవ్వుతూ చెబుతుంది. ఆ చదువుకు పని వేళల్లో ఒక గంట రాసివ్వమని ఆమె పైవాళ్ళను అడిగింది. చదువుకోవద్దని ఎవరూ అనలేదు, గంట మాత్రం ఇవ్వలేదు.

ఇంత కష్టపడి నేర్చుకోకపోతే ఏమవుతుందని మీలో ఎవరైనా అడగవచ్చు. నేను 1986లో వైద్యం చదివి బయటికి వచ్చాను. మన దేశంలో హెచ్.ఐ.వి. మొదటిసారి బయటపడింది ఆ ఏడే, అదీ మద్రాసులోనే. అంటే ఆ జబ్బు గురించి నాకు తెలిసిన ప్రతి ముక్కా కాలేజీ వదిలాక నేర్చుకున్నదే. క్షయకు వారానికి మూడు రోజులు మందు మింగించే పద్ధతి ఎన్నో ఏళ్ళు నడిచింది. 2017లో దాన్ని దేశమంతటా రోజూ మింగే పద్ధతిగా మార్చారు. ఆ మార్పు చెవిన పడని డాక్టరు దగ్గరికి పోయిన రోగి గతి ఏమిటి?

స్క్రబ్ టైఫస్ సంగతి మరీ విచిత్రం. మా పాఠ్యపుస్తకంలో అది ఒక పేరా. రెండో ప్రపంచయుద్ధంలో బర్మా అడవుల్లో సైనికులను పీడించిన జబ్బు అని చదివి పరీక్షకు కూడా వదిలేసేవాళ్ళం. 2000 తర్వాత చూస్తే అది వేలూరు, చిత్తూరు పల్లెల్లో, మా రాగి చేలలో ఉంది. పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి ఆనని ఒక పురుగు పిల్ల కుట్టడంతో వస్తుంది. మామూలు జ్వరంలాగే మొదలవుతుంది. పెన్సిలిన్ జాతి మందులు ఎన్ని పొడిచినా దిగదు. సరైన మందు డాక్సీసైక్లిన్ చాలా చవక, వేళకు వేస్తే రెండు రోజుల్లో జ్వరం దిగుతుంది. వేళ మించితే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు దెబ్బతిని మనిషి పోవచ్చు. ముదిరిన జబ్బుకు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి ఎక్కించడం మేలని 2023లో తేలింది. దాదాపు 800 మంది రోగుల మీద మన దేశపు ఆస్పత్రుల్లోనే జరిగిన ఆ పరిశోధనలో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాల వారిది ముఖ్య పాత్ర. ప్రపంచానికి పనికొచ్చిన ఆ సంగతి మాకు పక్క జిల్లాల దూరంలో పుట్టింది. మా వీధి డాక్టరును అది ఎప్పుడు చేరుతుంది? చేరిస్తే ఫోనే చేర్చాలి.

ఫోను చేర్చిందో లేదో మా అమ్మాయి అనుభవమే చెబుతుంది. స్క్రబ్ టైఫస్ మీద ఆన్‌లైన్ పాఠం ఆమె పూర్తిచేసింది. పది ప్రశ్నలకు పదీ సరిగ్గా రాసి సర్టిఫికెట్టు తీసుకుంది. పురుగు కుట్టినచోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉంటుందని, నొప్పి ఉండదని ఆమెకు కంఠతా వచ్చు. పాఠంలోని బొమ్మలో ఆ పెచ్చు తెల్లటి చేతిమీద ఉంది. కొన్ని నెలల తర్వాత, చలికాలం మొదట్లో, ఐదు రోజుల జ్వరంతో ఒక ఆడమనిషి కొండమీది పల్లె నుంచి వచ్చింది. చేతులు చూశారు, కాళ్ళు చూశారు, ఏమీ లేదు. అక్కడ పాతికేళ్ళుగా పనిచేస్తున్న నర్సమ్మ, "లంగా బొందు కట్టేచోట చూడండమ్మా, అక్కడ గీరుకుంటా ఉంది" అన్నది. నడుము మడతలో, నల్లటి ఒంటిమీద, బొందు రాపిడికి కమిలిందేమో అనిపించేటట్టు చిన్న పెచ్చు. పురుగు బట్ట బిగిసినచోట ఆగి కుడుతుందని పాఠంలో ఒక వాక్యం ఉండే ఉంటుంది. ఆ వాక్యానికీ లంగా బొందుకూ ముడి వేసింది నర్సమ్మ.

అయినా అమ్మాయికి అనుమానం తీరలేదు. ట్యాంకు మెట్లెక్కి, మొహం కనబడకుండా, పేరు లేకుండా, ఆ మనిషిని అడిగి తీసిన ఫోటో ఒకటి తనకు పాఠం చెప్పిన ఒక పెద్ద డాక్టరుకు పంపింది. ఆయనను ఆమె అంతకుముందు రెండు రోజుల తరగతిలో ఎదురుగా చూసి ఉంది, పక్కన కూర్చుని భోంచేసింది. నాలుగు నిమిషాల్లో జవాబు వచ్చింది. అదే జబ్బు, మందు మొదలుపెట్టు, ఊపిరి ఎలా ఉందో చూస్తూ ఉండు అని. మూడో రోజున ఆ మనిషి రాగి సంగటి తిన్నదట. ఈ కథలో గంట పాఠం పని కొంత, నాలుగు నిమిషాల జవాబు పని కొంత. సర్టిఫికెట్టు గంటకే ఇస్తారు.

ఇక నాకు అసలైన అడ్డంకి అనిపించేది చెబుతాను. అది అడగడానికి సిగ్గు.

నాకంటే ఐదారేళ్ళు పెద్దవాడు, మంచి హస్తవాసి ఉందని పేరున్న డాక్టరు ఒకాయన మా వీధి చివర ఉన్నాడు. చక్కెర జబ్బు మీద ఆన్‌లైన్ కోర్సులో ఆయన మూడుసార్లు చేరాడు, మూడుసార్లూ మానేశాడు. బద్ధకస్తుడు అందామంటే పొద్దున ఐదింటికి లేచే మనిషి. ఒకరోజు కాఫీ తాగుతూ అడిగితే గొంతు తగ్గించి చెప్పాడు: "ఏమప్పా, నాకు వచ్చే సందేహం చిన్నది. దాన్ని అందులో రాస్తే నా పేరు పక్కనే పడుతుంది గదా. రెండువందల మంది చూస్తారు. ఆ పాఠం చెప్పేవాడి దగ్గరికే రేపు నేను పేషెంట్లను పంపాల. ఈయనకు ఇంతమాత్రం తెలీదా అనుకోడా?"

ఈ మాట ఏ సర్వేలోనూ ఎవరూ రాయరు. తీరిక లేదు, కరెంటు పోతుంది అని రాస్తారు. పాఠం చెప్పే స్పెషలిస్టుకూ వినే వీధి డాక్టరుకూ మధ్య గురుశిష్య సంబంధం ఒక్కటే లేదు, రోగులను పంపే బేరం కూడా ఉంది. ఆ రెండింటిమధ్య నోరు మూసుకోవడమే క్షేమం అనిపిస్తుంది. ఒకసారి ఒక పెద్ద ఆస్పత్రివాళ్ళు పెట్టిన ఆన్‌లైన్ సభలో నేనే అడిగాను, మూడు నెలలకోసారి చేయించమన్న రక్తపరీక్షకు డబ్బు లేని కూలిమనిషికి ఏ ఆధారంతో మందు మార్చాలని. "మా వంటి కేంద్రానికి పంపించండి" అని జవాబు వచ్చింది. పంపడానికి పాఠం దేనికి, బస్సు టైము తెలిస్తే చాలదా?

సభ పెట్టించేది ఎక్కువగా మందుల కంపెనీలే అన్నది మరో సంగతి. కంపెనీల దగ్గర కానుకలు, ప్రయాణ ఖర్చులు, విందులు పుచ్చుకోరాదని 2009 చివర్లో వైద్య మండలి డాక్టర్లకు నిషేధం పెట్టింది. విందు పోయినా పాఠం మిగిలింది. కొత్తగా వచ్చిన ఖరీదైన మాత్ర ఎప్పుడు రాయాలో చెప్పడానికి పదిమంది సిద్ధం. చవక మందుతోనే పని నడిపించడం ఎలాగో చెప్పేవాడికి ఖర్చు ఎవరు పెడతారు?

భాష సంగతి మన పత్రికలో చెప్పకపోతే ఎక్కడ చెబుతాం? పాఠాలు ఇంగ్లీషులో ఉంటాయి. మేం చదివిందీ ఇంగ్లీషులోనే, కాబట్టి అర్థం కాక కాదు. అర్థమైనదాన్ని రోగి నోట్లోకి మార్చడం దగ్గర తంటా. డిప్రెషన్ గురించి వినేటప్పుడు అంతా తేటగా ఉంటుంది. మరునాడు ఎదురుగా కూర్చున్న అవ్వను ఏమని అడగాలి? "కుంగుబాటు ఉందా" అంటే ఆమె నేలలో గుంట పడిందేమో అని చూస్తుంది. మా వైపు "మనసు సరిలేదా" అంటారు. అదీ నేరుగా చెప్పరు. ఒళ్ళంతా మంట, అరికాళ్ళు పీకుడు, తల బరువు, నిద్ర లేదు, ఇవి చెబుతారు. ఈ నాలుగింటి వెనక ఏముందో తవ్వి తీసే ప్రశ్న తెలుగులో, తమిళంలో, కన్నడంలో మూడింట్లోనూ ఉండాలి, మా ఓ.పి.లో మూడు భాషలూ గంటలో వచ్చిపోతాయి కనుక. తెలుగులో రాసి ఇస్తే సరిపోతుందా అంటే, మా అమ్మాయికి తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. చెవితో వినే తెలుగు పాఠం ఉంటే ఆమెకూ అందుతుంది. అటువంటిది ఎవరైనా చేస్తే హోసూరులోనే కాదు, బళ్ళారిలో, బరంపురంలో కూడా పనికొస్తుంది.

బళ్ళారి అన్నాను గనుక అక్కడి పాఠకులకు ఒక సంగతి గుర్తుచేయాలి. పల్లె డాక్టర్లకు మానసిక వైద్యం నేర్పవచ్చునని దేశానికి చూపించింది ఆ జిల్లాయే. బెంగళూరు నిమ్హాన్స్ వాళ్ళు 1985లో అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి శిక్షణ ఇచ్చి, పిచ్చి అని వదిలేసిన జబ్బులకు ఊళ్ళోనే మందు అందేటట్టు చేశారు. కేంద్ర ప్రభుత్వం 1996లో మొదలుపెట్టిన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి బళ్ళారే నమూనా. ఆ రోజుల్లో మనుషులు ఎదురెదురుగా కూర్చున్నారు. ఇటీవలి కాలంలో అదే నిమ్హాన్స్ కర్ణాటకలో ఒక పద్ధతి పెట్టింది. డాక్టరు తన ఓ.పి.లో తన రోగిని తానే చూస్తుంటాడు. బెంగళూరులో ఉన్న మానసిక వైద్యుడు వీడియోలో ఆ సంభాషణ వింటూ, ఏమడగాలో, ఏ మందు ఎంత ఇవ్వాలో అక్కడికక్కడే చెబుతాడు. ఓ.పి. ఆగదు. పాఠం కోసం రోగిని ఊహించుకోనక్కరలేదు, ఎదురుగానే ఉంటాడు.

ఈ దారిలో ముందు నడిచినవాడు అమెరికాలో స్థిరపడిన సంజీవ్ అరోరా అనే కాలేయ వైద్యుడు. న్యూ మెక్సికో రాష్ట్రంలో హెపటైటిస్ సి రోగులు ఆయన క్లినిక్కుకు 8 నెలలు ఎదురుచూడవలసి వచ్చేది. 2003లో ఆయన పల్లెల్లోని డాక్టర్లను వారానికొకసారి వీడియోలో కూర్చోబెట్టి, ఎవరి రోగి సంగతి వాళ్ళచేత చెప్పించి, అందరూ కలిసి తేల్చేటట్టు చేశాడు. 2011లో ఫలితాలు అచ్చయ్యాయి. విశ్వవిద్యాలయపు క్లినిక్కులో నూటికి 57.5 మందికి నయమైతే, పల్లె డాక్టర్ల దగ్గర 58.2 మందికి నయమైంది. ఆ పద్ధతినీ నిమ్హాన్స్ తీసుకుంది. తెలుగువాళ్ళకు వీడియో వైద్యం కొత్తేమీ కాదు, చిత్తూరు జిల్లా అరగొండలో 2000లోనే అది వచ్చింది. అయితే అక్కడ పెద్ద డాక్టరు రోగిని చూడడం ముఖ్యం. అరోరా పద్ధతిలో చిన్న డాక్టరు పెద్దవాడు కావడం ముఖ్యం.

వేలూరు వాళ్ళు దూరవిద్యలో నడిపిన కుటుంబ వైద్యం డిప్లొమాకు వాళ్ళు పెట్టుకున్న మాట అర్థం ఇంచుమించుగా ఇది: తక్కువమందిని పైకి పంపు, ఎక్కువమందిని నువ్వే బాగుచెయ్యి. పుస్తకాలు, వీడియోలు ఇంటికి పంపినా, ఏడాదిలో కొన్ని రోజులు ఆస్పత్రిలో మనుషులను కలపడం మానలేదు. 2010లో ఢిల్లీ, చెన్నై సంస్థలు కలిసి చక్కెర జబ్బు మీద సామాన్య డాక్టర్లకు మొదలుపెట్టిన కోర్సు కూడా అంతే, నెలకొక ఆదివారం చొప్పున ఏడాది తరగతి. అది ఆన్‌లైన్ కాదు, ఆదివారం సెలవు పోతుంది, అయినా మా వైపు నుంచి వెళ్ళినవాళ్ళు నాకు తెలుసు. ఆన్‌లైన్‌లో మూడుసార్లు మానేసిన మా పెద్దాయన ఆ ఆదివారాలు ఒక్కటీ మానలేదు. పక్క కుర్చీలో తనలాంటి వీధి డాక్టరు ఉన్నాడు కనుక.

గత ఏడాది నుంచి మేం ఐదారుగురం గురువారం మూడు గంటలకు నా క్లినిక్కులో కలుస్తున్నాం. మధ్యాహ్నం జనం తగ్గాక, సాయంత్రం జనం రాకముందు ఉండే వేళ అది. ఒక్కొక్కరు ఒక్కో రోగి సంగతి పేరు లేకుండా కాగితం మీద రాసుకొస్తారు. బల్లమీద ఫోను పెడతాం. నాకు తెలిసిన ఒక ఫిజీషియన్ అందులోకి వస్తాడు, మా పేషెంట్లు ఆయన దగ్గరికి పోయేంత దగ్గరలో ఆయన లేడు, అందుకే ఆయనను అడిగాం. ఎవరు ఏమడిగినా ఆ గది దాటదు. దీనికి పాయింట్లు రావు. ముందుగా మండలి అనుమతి తీసుకున్న సభలకే అవి ఇస్తారు. అనుమతికి ఎక్కడ రాయాలో కనుక్కుంటున్నాం.

మొన్నటి గురువారం మా పెద్దాయన కాగితం తెచ్చాడు. "ఈమెకు ఇన్సులిన్ ఎప్పుడు మొదలుపెట్టాలో నాకు తేలడం లేదప్పా, చెప్పండి" అన్నాడు, మామూలు గొంతుతోనే. మాటలు నాలుగున్నర దాకా సాగాయి, కాంపౌండరు రెండుసార్లు తలుపు తట్టాడు. వచ్చే గురువారం మా అమ్మాయి వంతు. పిల్లలకు తేలు కుట్టినప్పుడు వాడే మందు గురించి అడుగుతానంది. ట్యాంకు మెట్లమీద మూడింటికి ఎండ పడుతుందని గొడుగు తీసుకెళ్తుందట.